ఏడుపు నేర్చిన జమ్లి

ఏడుపు కూడా నేర్చుకోవాలా అని నవ్వేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. నేర్చుకోవాలి. రొట్టె చేయడం నేర్చుకున్నట్టే నేర్చుకోవాలి. నేర్చుకోకపోతే ఏమవుతుందో జమ్లిని చూసిన నాకు తెలుసు.

నా పేరు ఇన్నమ్మ. చండ్రుగొండ అవతల, అడవి అంచున ఉన్న ఊళ్లకూ తండాలకూ నర్సుగా తిరిగి తిరిగి మోకాళ్లు అరగదీసుకున్నదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అక్క సంపూర్ణ అంటుంది. ఉంటే ఉంటుంది. అడవి దారిలో నడిచే ఆడదానికి ఆ మాత్రం లేకపోతే ఎట్లా?

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, మలేరియా మాత్రలు సంచీలో వేసుకుని ఆ లంబాడీ తండాకు మొదటిసారి వెళ్లాను. ఇంకా తండా లోపలికి అడుగు పెట్టలేదు, గుండెలు పగిలిపోయే ఏడుపు వినిపించింది. అయ్యో, ఎవరో పోయారనుకుని చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తాను. తీరా చూస్తే శవమూ లేదు, పాడూ లేదు. ఒక పిల్ల గుడిసె నడిమి గుంజను కావలించుకుని ఏడుస్తోంది. పక్కన ఒక పెద్దావిడ మోచేతుల దాకా తెల్లగాజులతో, చుట్ట కాలుస్తూ కూర్చుని ఉంది.

"గట్ల కాదే. అది మీ వదినె. వదినెతోటి ఏడ్చేటప్పుడు కొంచెం కొట్లాడుకుంట ఏడ్వాలె. నీళ్లకాడ పెట్టిన పంచాయితీ మర్చినవా ఏంది? అది చెప్పి ఏడువు" అంటోంది.

"ఎవరు పోయిండ్రమ్మా?" అన్నాను రొప్పుతూ.

"ఎవరూ పోలే నర్సమ్మా. ఈ పిల్లకు పెండ్లి కుదిరింది" అని ఆవిడ నా మొహం చూసి పడీ పడీ నవ్వింది.

ఆవిడే పూలి. జమ్లి తల్లి.

వాళ్ల ఆచారం నాకు తర్వాత తెలిసింది. పెళ్లయి అత్తగారింటికి వెళ్లే పిల్ల తల్లినీ తండ్రినీ అన్ననూ వదినెనూ ఒక్కొక్కరి మెడ పట్టుకుని, పాటగా ఏడవాలి. ఆ ఏడుపును వాళ్లు ఢావ్లో అంటారు. చివరికి ఎద్దు మీద నిలబడి తండా మొత్తానికీ సెలవు చెబుతూ ఇంకో పాట పాడాలి. రాగం అందరిదీ ఒకటే. మాటలు మాత్రం ఎవరివి వాళ్లవే. మీ నాన్న నీకు కట్టిన ఊయల, మీ అన్న నిన్ను కొట్టిన దెబ్బ, మీ మేక, మీ పొయ్యి, అవన్నీ పేరుపేరునా వచ్చి తీరాలి. పెళ్లి కుదిరిన పిల్లను పూలి దగ్గర కూర్చోబెడితే, ఆమె గుడిసె గుంజలనే చుట్టాలను చేసి సాధన చేయించేది. నడిమి గుంజ తండ్రి. తలుపు పక్కది అన్న. చూరు కింద వంగి ఉన్నది మేనత్త. రోజూ పనులు ముగిశాక ఆ పిల్ల గుంజ నుంచి గుంజకు పోతూ ఏడవాలి. చుట్టుపక్కల తండాల్లో పూలి చేతి కింద ఏడవని పెళ్లికూతురు లేదంటే నమ్మండి.

మరి అంతటి పూలి కూతురికి ఏడుపు రాలేదు.

జమ్లి మంచి పిల్ల. సన్నగా, చలాకీగా ఉండేది. ఏది విన్నా ఇట్టే గుర్తుపెట్టుకునేది. గొంతు మాత్రం కొంచెం గరగరగా ఉండేది, అది పెద్ద తప్పేమీ కాదు. పన్నెండు పదమూడేళ్లప్పుడు ఒకసారి సరదాకి నడిమి గుంజను పట్టుకుని ఏడుపు మొదలుపెట్టిందట. మధ్యలో గొంతు జీరపోయి కోడిపుంజు కూసినట్టు ఏదో చప్పుడు వచ్చిందట. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. పూలీ నవ్వింది. అంతే, ఆ పిల్ల మళ్లీ ఆ గుంజ వైపు చూడలేదు. పూలి ఎందరికో నేర్పిన మనిషి, సొంత కూతురి దగ్గర ఆ నవ్వు ఆపుకోలేకపోయింది. ఏం చేస్తాం?

అప్పుడే జమ్లి అన్న హీరాలాల్‌కు కొత్తగూడెం బొగ్గుబావిలో పని దొరికింది. పండక్కి వస్తూ టేపురికార్డరు పట్టుకొచ్చాడు. ఎర్రమీట నొక్కితే మనిషి గొంతు అందులోకి పోతుందని తెలిసిన రోజు జమ్లి మొహం చూడాల్సింది! అప్పటినుంచి అదే పని. ఏ తండాలో పెళ్లయినా ఆ పెట్టె చంకన పెట్టుకుని హాజరు. ఏ ముసలమ్మకు పాత ఏడుపు గుర్తుందన్నా కాళ్లరిగేలా నడిచి పోయేది. వేసవిలో తునికాకు కల్లం దగ్గరికి నలుదిక్కుల నుంచీ కూలీలు వస్తారు కదా, అక్కడ కూడా పెట్టె తెరిచి కూర్చునేది. క్యాసెట్లు బియ్యం సంచిలో నిండిపోయాయి. అందరూ మెచ్చుకోవడమే. "మా జమ్లి కాడ లేని ఏడుపు లేదు" అని తండా నాయక్ కూడా గొప్ప చెప్పేవాడు.

పూలికి మాత్రం మండిపోయేది.

"ఇత్తులు గంపల పోసుకుంటే పంట పండదే. చల్లాలె. నువ్వెప్పుడు నోరు తెరుస్తవ్?"

"అన్నీ రానియ్ యాడీ. మంచియి మంచియి ఏరుకొని ఒక్కతీర్న మొదలుపెడ్త." యాడి అంటే వాళ్ల మాటలో అమ్మ.

"నోరు నీది. మంది నోర్లు ఎన్ని తెచ్చుకుంటే ఏంది?"

ఇట్లాంటివాళ్లు మా చర్చిలోనూ ఉన్నారు. కొత్త పాటల పుస్తకం వచ్చిందంటే అందరికంటే ముందు కొంటారు, శనివారం సాధనకు రమ్మంటే తలనొప్పి అంటారు. కానీ వాళ్ల మీద వచ్చినంత కోపం నాకు జమ్లి మీద రాలేదు. ఆ పిల్లకు భయం. క్యాసెట్టు తిరుగుతున్నంతసేపూ తను పాడక్కర్లేదు, ఎవరూ నవ్వరు. నేను చూస్తూనే ఉన్నాను కదా.

ఎనభై నాలుగు ఎండాకాలంలో జమ్లికి పెళ్లి కుదిరింది. ఎర్రుపాలెం వైపు, మిరపతోటల ఊళ్ల పక్కనున్న తండా. పిల్లాడు భీమ్లా, నెమ్మదస్తుడు. పెళ్లికి నెల ఉందనగా పూలి కూతురిని గుంజ దగ్గరికి లాక్కొచ్చింది. జమ్లి గుంజను పట్టుకోలేదు, సంచి విప్పింది. ఏరి ఏరి చాంది పాడిన క్యాసెట్టు పెట్టింది.

చాంది చర్ల అడవుల వైపు మనిషి. తునికాకు పనికి వచ్చినప్పుడు కల్లంలో పాడింది. పాడుతుంటే ఆకు కట్టలు లెక్కపెట్టే గుమాస్తాలు లెక్క మర్చిపోయి నిలబడ్డారట. ఆ క్యాసెట్టు నేనూ విన్నాను. భాష సరిగా రాకపోయినా నాకు కన్నీళ్లు ఆగలేదు. చాంది పెళ్లినాటికి తండ్రి లేడు. మట్టిలో పడుకున్న తండ్రిని పిలుస్తూ ఏడ్చిన ఏడుపు అది.

"ఇది చాంది ఏడుపు. దానికి నాయిన లేకుండె. నీకేమైంది? మీ బా బండలెక్క ఉన్నడు" అంది పూలి. బా అంటే నాన్న.

"అన్నిట్ల ఇదే గొప్పగుంది యాడీ. మాటలు మార్చుకుంట లే."

"మార్చుకునేది నోట్ల, మనసుల కాదు. పట్టుకో గుంజ."

"పట్టుకుంట. రేపటి నుంచి."

రేపు, రేపు అంటూ నెల గడిచిపోయింది. ఆ పిల్ల ఆ క్యాసెట్టును పొద్దస్తమానం వింటూనే ఉంది. పెదవులు కదిలించేది, గొంతు విప్పేది కాదు. తండ్రి దేవ్లా మంచి మనిషి. నవ్వితే తప్ప నోరు తెరవడు. ఆయన ఒక్కడే, "ఎట్లొస్తే గట్ల ఏడువు బిడ్డా. నేను వింట గదా" అన్నాడు. నా ముందే అన్నాడు.

పెళ్లినాడు నేనూ ఉన్నాను. తండా నిండా జనం, రెండువైపుల చుట్టాలు. జమ్లి వంతు వచ్చింది. మొదట తండ్రి మెడ పట్టుకుంది. నోరు తెరిచింది. మార్చుకుంటానన్న మాటలు ఎన్నడూ నోటితో అన్నవి కావు కదా, అవి ఎట్లా వస్తాయి? క్యాసెట్టు వచ్చింది. అచ్చం చాంది ఏడుపు, మాట పొల్లుపోకుండా వచ్చింది.

"మట్టి కప్పుకొని పండుకున్నవా బా, నీ బిడ్డ పోతుంటే లేవవా బా..."

బతికున్న తండ్రి మెడ పట్టుకుని!

ఆ పిల్లకు తను ఏమంటోందో కూడా తెలియదు. కళ్లు మూసుకుని ఇంకో చరణం అందుకుంది. దేవ్లా మొహంలో నెత్తురు లేదు. ఆయన చెల్లెలు లాలి, అన్నకు దగ్గరగా ఉండాలని మొగుడిని కూడా ఈ తండాకే తెచ్చుకున్న మనిషి, కెవ్వుమని అరిచింది. పూలి ఉరికివచ్చి కూతురి నోరు చేత్తో మూసేసింది. అప్పుడు కళ్లు తెరిచింది జమ్లి. అందరినీ చూసింది. అర్థమైంది. ఆ తర్వాత ఎద్దు మీద నిలబెడితే ఒక్క మాట పెగల్లేదు. మూగదాన్ని తీసుకుపోయినట్టు తీసుకుపోయారు. దేవ్లా మాత్రం ఎద్దు పక్కనే నడుస్తూ, "ఏం కాదు బిడ్డా, ఏం కాదు" అంటూనే ఉన్నాడు.

ఆ వానాకాలంలో దేవ్లాకు జ్వరం వచ్చింది. చూడగానే నాకు తెలిసిపోయింది, అది తలకెక్కే మలేరియా. మాత్రలు మింగించాను, జల్దీ ఖమ్మం పెద్ద దవాఖానాకు తీసుకుపొమ్మన్నాను. మంచం మీద మోసుకుని బయలుదేరారు. వాగు పొంగి ఉంది. ఒడ్డునే కూర్చున్నాం, నీళ్లు తగ్గలేదు. ఆయన అక్కడే పోయాడు.

చంపింది దోమ. చంపింది వాగు. ఈ మాట నేను అరిచి చెప్పాను, కాళ్లావేళ్లా పడి చెప్పాను. వింటేనా? "బిడ్డ ముందే ఏడ్చి పంపింది" అన్నారు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. మూర్ఖుల్లారా అని తిట్టాను కూడా. నా తిట్లకు భయపడి మాత్రలు మింగుతారు కానీ నమ్మకాలు మార్చుకుంటారా!

కబురందుకుని జమ్లి వచ్చింది. వాగు దగ్గర కట్టెలు పేరుస్తున్నారు. పడుతూ లేస్తూ వచ్చి తండ్రి కాళ్ల దగ్గర నోరు తెరవబోయింది. లాలి అడ్డం నిలబడింది.

"తియ్యకు నోరు! నా అన్నను మింగిన నోరు అది."

జమ్లి తల్లి వైపు చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. పూలి తల ఎత్తకుండానే అంది: "ముందే ఏడ్చినవ్ గదే. ఇంకేముంది?"

దుఃఖంలో అన్న మాట అది. అయినా మాట మాటే కదా. జమ్లి నోట్లో కొంగు కుక్కుకుని దూరంగా వెళ్లి కూర్చుంది. తండ్రి కాలిపోతుంటే కూతురు కిక్కురుమనలేదు. అంత ఘోరం పగవాడికి కూడా వద్దు.

అత్తగారింట్లో మాత్రం సుఖమా? ఆడబిడ్డ పెళ్లి జరుగుతుంటే ఈమెను మిరపతోట కావలికి పంపారు. ఇంట్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా ఈమె వైపు చూసేవారు. ఒక కాన్పు నిలవలేదు, దాన్నీ ఈమె నోటి మీదే వేశారు. భీమ్లా కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు, అట్లాగని తన వాళ్లకు ఎదురు చెప్పేవాడూ కాదు. జమ్లి క్రమంగా మాటలే తగ్గించేసింది. ఎప్పుడైనా పుట్టింటికి వచ్చినా నీళ్లబిందె దింపినంత చప్పుడు కూడా చేసేది కాదు. క్యాసెట్ల సంచి అటక మీద ఎక్కడో పడి ఉంది, దాని ఊసు ఎవరూ ఎత్తలేదు.

అట్లా ఏళ్లు గడిచాయి. పూలి గొంతులో పుండు లేచింది. ఖమ్మం తీసుకుపోతే క్యాన్సరు, ముదిరిపోయిందన్నారు. తండాలన్నిటికీ ఏడుపు నేర్పిన గొంతు మొదట బొంగురుపోయింది, తర్వాత గుసగుస అయింది, ఆ తర్వాత అదీ లేదు. చేతిలో కర్ర, ఆ కర్రతో మంచంకోడు మీద కొట్టే దెబ్బ, అదే ఆమె మాట. సేవ చేయడానికి జమ్లి వచ్చింది. "పో, మీ యాడిని చూస్కో. ఎన్ని దినాలైనా ఉండు" అని భీమ్లాయే పంపాడట. అంతమటుకు నయం.

వచ్చిన రోజే లాలి గుమ్మంలో నిలబడి తేల్చి చెప్పింది.

"చాకిరీ చెయ్యి, వద్దన. గాని వదినె పోయిననాడు నీ నోరు లేవద్దు. లేచిందో, నేను ఊకోను. తండా అంతా నా దిక్కే ఉంది."

అవును, తండా అంతా ఆమె వైపే. హీరాలాల్ కూడా తల దించుకుని, "ఎందుకే లొల్లి, ఊకుండు" అన్నాడు చెల్లెలితో.

నేను పూలికి సూది వేసి బయటికి వస్తుంటే జమ్లి నా చేయి పట్టుకుంది.

"సిస్టరమ్మా, బా అట్ల పోయిండు. నేను నోరు కుట్టుకొని కూసున్న. యాడి గూడ గట్లనే పోతదా? ఒక్కసారి నా మాటతోటి నేను ఏడ్వాలె. లేకుంటే నా గుండె పలుగుతది, నేను బతుక."

"ఏడువు. ఎవరు ఆపుతారో నేను చూస్తా" అన్నాను కోపంగా.

"ఆపుడు కాదు సిస్టరమ్మా. నాకు రాదు. ఇయ్యాల్టికీ రాదు. నోరు తెరిస్తే ఆ చాంది మాటలే వస్తయ్."

మంచం మీద నుంచి టక్కున చప్పుడైంది. పూలి అంతా విన్నది. కర్ర ఎత్తి నడిమి గుంజను చూపిస్తోంది.

పత్తి ఏరే రోజులు. మధ్యాహ్నం తండా ఖాళీ. ఆ వేళ చూసి తల్లీకూతుళ్లు మొదలుపెట్టారు. వారానికోసారి పూలిని చూడటానికి వెళ్లే నేను ఆ సాధన చూశాను, విన్నాను. ఎట్లా ఉండేదంటారా? భరించలేనట్టు ఉండేది. మొదట్లో గుంజకు నుదురు ఆనించి నిలబడడమే, గొంతు లేచేది కాదు. లేచాక క్యాసెట్ల మాటలు వరదలా వచ్చేవి. "ఏడు కొండల అవతలికి పంపితివా యాడీ" అనేది. టక్! ఎర్రుపాలెం పోయే దారిలో ఏడు కొండలెక్కడివి? "వెండి పల్లెంల బువ్వ పెట్టితివి" అనేది. టక్! ఆ ఇంట్లో వెండి పల్లెంలో ఏ తాత తిన్నాడు? "నీ చేతి జొన్నరొట్టె" అనేది. అది నిజమే కదా అని నేను అనుకునేలోపే టక్! ప్రతి పిల్లా అనే మాట అది, దానితో పూలికి పనిలేదు. ఎరువు తెచ్చుకున్న మాట వచ్చినప్పుడల్లా కర్ర మోగేది. జమ్లి ఆగిపోయేది, చెమటలు పట్టేవి, మళ్లీ మొదటినుంచి అందుకునేది.

ఒకరోజు విసిగిపోయి గుంజను రెండు చేతులా గుద్దింది.

"నాతోటి కాదు యాడీ! నాకేం గుర్తులేదు. నా బతుకుల పాటయ్యేది ఏమున్నది?"

పూలి మంచం మీద నుంచి చేయి చాపి, కూతురి చెవి వెనక తడిమింది. అక్కడ చిన్నచిన్న మచ్చలున్నాయి. జమ్లి ఆ మచ్చల మీద తనూ చేయి పెట్టుకుంది. తర్వాత మెల్లగా, పాటో మాటో తెలియనట్టుగా అందుకుంది.

"ఇప్పచెట్టు కింద నన్ను పండబెట్టి పూలు ఏరబోతివి యాడీ. ఎర్రచీమలు నన్ను కుట్టె. గంపల పూలు నేల మీద పారబోసి, ఆ గంపల నన్ను ఇంటికి తెస్తివి. ఆ పూట పొయ్యి వెలగలే యాడీ..."

నేను కర్ర వైపు చూశాను. కదల్లేదు.

అక్కడితో గొంతు దారిలో పడిందనుకోకండి. నేను మళ్లీ వెళ్లేసరికి అధ్వానంగా ఉంది. ఒక వారం ముందుకు, ఒక వారం వెనక్కి. రాగం పట్టుకుంటే మాట జారేది, మాట దొరికితే గొంతు జీరపోయేది. ఆ జీర పోలేదు, పోదు కూడా. కానీ ఆ జీర వచ్చినప్పుడు ఆగిపోవడం మానేసింది. రోజూ నోరు తెరిచేది, అంతే. నేను మాత్రం పూలి ఎముకలు చూస్తూ, ఇక రోజులు లేవే తల్లీ, తొందరగా నేర్చుకోవే అని లోలోపల ఆ పిల్లను బతిమాలుకునేదాన్ని. మరియమ్మకు కొవ్వొత్తులు వెలిగించుకున్నాను. మంచినీళ్లు కూడా చుక్కచుక్కగా తప్ప దిగని స్థితికి వచ్చేసింది పూలి.

అమావాస్య నాడు తండాలో ఎవరూ పనికి పోరు. ఆ రోజు పొద్దున నేను వెళ్లేసరికి పూలి మంచాన్ని వాకిట్లోకి మోయించుకుంది. కొడుకు ఎండ కోసమనుకుని మోశాడు. జనమంతా అక్కడే ఉన్నారు. పూలి కర్రతో కూతురిని పిలిచింది. దగ్గరికి వచ్చాక ఆమె రెండు చేతులూ తీసి తన మెడ చుట్టూ వేసుకుంది.

అర్థం కావడానికి క్షణం పట్టింది. తను పోయిననాడు కూతురిని ఏడవనియ్యరని తెలుసు కదా. బతికుండగానే ఏడిపించుకుంటోంది!

"వదినే! నీకేమన్న పిచ్చి లేసిందా?" లాలి గుండెలు బాదుకుంటూ వచ్చింది. "మా అన్నను గిట్లనే సంపింది. మళ్లా అదే పనా?"

జమ్లి వదిలించుకోవాలని పెనుగులాడింది. "వద్దు యాడీ, నీ కాల్మొక్త. మళ్లా నాతోటి గా పని చేయించకు. రేపు నీకేమన్న అయితే నా నోరే అంటరు. నన్ను బతకనియ్యరు యాడీ!"

పూలి వదల్లేదు. ఆ కట్టెపుల్ల చేతుల్లోకి అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో! లాలి ఇంకో అడుగు ముందుకు వేయగానే, కర్రను మంచంకోడు మీద అంత గట్టిగా కొట్టింది. లాలి ఆగిపోయింది. నేనూ వెళ్లి లాలి చేయి పట్టుకున్నాను, వదిలితే ఒట్టు.

జమ్లి ఏడ్చింది.

మొదలు ఆ ఇప్పచెట్టే. చీమలు, గంప, వెలగని పొయ్యి. తర్వాత తల్లి తన జాకెట్టుకు కుట్టిన అద్దాలు, ఒక అద్దం పగిలితే తిట్టిన తిట్టు, ఆ తిట్టుతో సహా. మధ్యలో ఎక్కడిదో వెండి పల్లెం మాట దొర్లింది. టక్కుమంది కర్ర. ఆ స్థితిలోనూ! జమ్లి ఆగింది, ఊపిరి తీసుకుంది, ఆ మాట మింగేసి సత్తుగిన్నె అంది. అప్పుడు గొంతు జీరపోయింది. ఆ జీరతోనే అందుకుంది:

"నేను మొదలు గుంజను పట్టుకుంటే మంది నవ్విరి యాడీ, వాళ్లతోటి నువ్వు నవ్వితివి. వాగుకాడ బా కాలుతుంటే మంది నా నోరు మూసిరి యాడీ. మేనత్త మూసిందనుకుంటిరి. మూసింది నువ్వే యాడీ. ముందే ఏడ్చినవ్ అంటివి. ఎనిమిదేండ్ల సంది నీ మాట నా గొంతుల అడ్డమున్నది. నీ గొంతుల పుండు లేస్తే, నా మాట నీకు అడ్డం పడ్డదా యాడీ..."

చావబోయే తల్లి మొహం మీద ఎవరైనా ఇట్లా అంటారా? కర్ర వైపు చూశాను. కర్ర పూలి చేతిలోంచి జారి కింద పడి ఉంది. రెండు చేతులతో కూతురి తల పట్టుకుని గొంతు లేకుండా ఏడుస్తోంది పూలి. నోరు తెరిచి, చప్పుడు లేకుండా. వాళ్లను చూసి తండా ఆడవాళ్లంతా భోరుమన్నారు. నేను పట్టుకున్న లాలి చేయి ఎప్పుడు వదిలానో నాకే తెలియదు.

పూలి ఆ రోజు పోలేదు, ఆ మర్నాడూ పోలేదు. జమ్లి ఒక్క క్షణం మంచం వదలకుండా, తల్లి ఊపిరి ఆగితే తన నోరే కారణమంటారని వణికిపోతూ కూర్చుంది. చంద్రవంక బాగా పెరిగాక, ఒక తెల్లవారుజామున పూలి నిద్రలోనే వెళ్లిపోయింది.

కబురు రాగానే వెళ్లాను. లోపల శవం చుట్టూ ఆడవాళ్లు. జమ్లి ఎవరూ చెప్పకుండానే వాకిట్లోకి వచ్చి కూర్చుంది, మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని. లోపల లాలి ఏడుపు ఎత్తుకుంది. నాలుగు మాటలు అనగానే ఆగిపోయింది. ఇంకొకామె అందుకుంది, ఆమె కూడా ఆగిపోయింది. ఏ మాట అందుకున్నా అమావాస్యనాడు ఈ పిల్ల అన్నదాని ముందు చప్పగా ఉందో ఏమో, నాకు తెలియదు. ఏడుపు లేని చావిల్లు ఎంత భయంగా ఉంటుందో ఆ రోజే చూశాను.

చివరికి లాలి బయటికి వచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. జమ్లి ముందు నిలబడి, "లోపలికి రా బిడ్డా. ఏడువు" అంది.

జమ్లి తలెత్తి చూసింది. ఆమె కళ్లలో కోపం లేదు. అది ఉన్నా నేను సంతోషించేదాన్ని.

"యాడి విన్నది ఫూఫీ. అంతా విన్నది. విననోడు బా ఒక్కడే" అంది మేనత్తతో.

లేచి, కొంగు సర్దుకుని, వాగు వైపు నడిచింది. తండ్రిని కాల్చిన చోట ఇప్పుడు ఏ గుర్తూ లేదు, రెల్లు మొలిచింది. లాలి ఆమె వెనకే వెళ్లింది, ఈసారి ఆపడానికి కాదు. మిగతా ఆడవాళ్లమూ వెళ్లి ఒడ్డున ఆగాం. జమ్లి ఆ రెల్లులో మోకాళ్ల మీద కూర్చుని, గరగరమనే ఆ గొంతుతో మొదలుపెట్టింది.

"నా పెండ్లినాడు నువ్వు బతికే ఉన్నవ్ బా..."